మూడో కథలోని తలుపు

మా తమ్ముడి కూతురు దివ్య సినిమాలకు మార్కులు వేస్తుంది. చదివేది లెక్కల ఎం.ఎస్సీ., కాబట్టి ఆ మార్కుల్లో దయాదాక్షిణ్యాలు ఉండవు. ఆరు అంటే ఆరే, బతిమాలినా ఆరున్నర కాదు. మొన్న వానల్లో తిరుత్తణికి వాళ్ళింటికి వెళ్ళాను. ఇంకా చెప్పులు విడవనేలేదు, గడప దగ్గరే పట్టుకుని, "అత్తా, నాలుగో పార్ట్ వచ్చేసింది, తెల్సునా?" అంది. దేనికి నాలుగోది అని అడగాల్సిన అవసరం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఒకే సినిమాలో నాలుగు దెయ్యం కథలు, ఒకదానికొకటి సంబంధం లేనివి, దండలా గుచ్చి తీసిన అరవ సినిమా అది. నా చిన్నప్పుడు మొదటి భాగం వచ్చింది. మా ఇంట్లో దాన్ని నాలుగు దెయ్యాల సినిమా అనేవాళ్ళం. అసలు పేరు గుర్తుంది గానీ ఇక్కడ రాయను. దాని రెండో భాగం గురించి నేను మంచి మాటలు చెప్పబోవడం లేదు.

"ఫస్ట్ పార్ట్‌కి ఎనిమిది ఇస్తాను. సెకండ్‌కి నాలుగు. దాంట్లో కూడా లారీ కత ఒకటే పరవాలేదు, మిగతా మూడూ దండగ. మూడో పార్ట్ సుద్ద మొక్కై, రెండు కూడా ఇయ్యను" అంది దివ్య నా సంచీ లోపలికి తీసుకుపోతూ. మొక్కై అంటే ఈ కాలం పిల్లల అరవంలో చప్పిడి సరుకు. "నాలుగో దాంట్లో ఆ తలుపు కాడి పాపని మళ్ళా తెచ్చినారంట అత్తా. పోయే ముందర ఫస్ట్ పార్ట్ ఇంకో తూరి చూసేద్దాం, నువ్వూ ఉండాలి." కిటికీ పక్క మంచం మీద మా రంగత్త కూర్చుని ఉంది. మా నాయనకు అక్క. తొంభైకి దగ్గర పడింది. కళ్ళు మసకబారి మనిషిని గొంతును బట్టి గుర్తుపడుతుంది. దివ్య మాట విని తల తిప్పి, "ఏ పాప?" అంది. ఆ రెండు ముక్కలు వినగానే నాకు కాగిన నూనె వాసన, వాము వాసన, తడిగోడ వాసన ఒక్కసారిగా వచ్చాయి. నేను తిరుత్తణిలో లేను. తిరువళ్ళూరులో, టాకీసు వెనక రేకుల కొట్టంలో, రంగత్త పక్కన పీట మీద కూర్చున్నాను.

మా నాయనది ఆ టాకీసు ఆవరణలో తినుబండారాల అంగడి. ముందువైపు నాయన గాజు సీసాల వెనక నిలబడేవాడు. వెనకవైపు, తెర ఉండే గోడకు ఆనుకుని వేసిన కొట్టంలో రంగత్త మురుకులు చుట్టేది. గోడకు అటువైపు తెర, తెర వెనక మనిషి ఎత్తు స్పీకర్లు. అంటే సినిమాలో ఎవరు నవ్వినా, ఏడ్చినా, గుర్రం పరిగెత్తినా ముందు మా అత్త వీపుకు తెలిసేది, తర్వాతే జనానికి. పిండి పిసికే చెయ్యి పాట వస్తే నెమ్మదించేది, కొట్లాట వస్తే జోరందుకునేది. కొన్ని మురుకులు ఒత్తుగా, కొన్ని వదులుగా ఎందుకు ఉంటాయని కొనేవాళ్ళు అడిగితే నాయన నవ్వి ఊరుకునేవాడు. మొదటి వాయిలో విరిగిన ముక్కలన్నీ నావి. అవి వేడిగా ఉన్నప్పుడు బుగ్గలో పెట్టుకుని, గోడకు చెవి ఆనించి, లోపల ఏం జరుగుతోందో ఊహించుకోవడం కంటే పెద్ద సుఖం నాకు ఇప్పటికీ తెలియదు.

ఇన్ని సినిమాలు విన్న మనిషి ఒక్కటీ చూడలేదు. అది మా నాయన పెట్టిన కట్టుబాటు. అంగడి పెట్టుకున్న చోట మన ఇంటివాళ్ళు లోపల కూర్చోకూడదు. "మనకు సీటు ఊరికే వచ్చిందనుకో, రేపు వాళ్ళు మురుకు ఊరికే అడుగుతారు" అనేవాడు. డబ్బిచ్చి టికెట్టు కొంటే? అప్పుడు మేనేజరు చిన్నబుచ్చుకుంటాడట, ఇంటిమనిషి దగ్గర తీసుకున్నామే అని. అటూ కాక ఇటూ కాక మా ఇంట్లో ఎవరూ సినిమా చూడలేదు. నాకు మాత్రం ఒక దొంగదారి ఉండేది. పక్క వాకిలి కాపలాదారు నన్ను నల్లతెర చాటున నిలబడనిచ్చేవాడు. నాయన చూసీ చూడనట్టు ఉండేవాడు. నేను చూసి వచ్చి రంగత్తకు చెప్పాలి, అదీ ఒప్పందం. అత్తకు చప్పుళ్ళన్నీ ముందే తెలుసు కాబట్టి నేను బొమ్మలు అందిస్తే చాలు. "ఆడ గాజులు పగిలినాయే, ఎవరివి?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. ఒక్కోసారి, చెప్పడం అయ్యాక, నా రెండు చేతులూ పట్టుకుని తడి కొంగుతో అరచేతులు గట్టిగా తుడిచి పంపేది. పొయ్యి మసి అంటిందేమో అనుకునేదాన్ని.

సినిమా మంచిదా చెడ్డదా అని తేల్చడానికి నాయనకు తనదైన కొలత ఒకటి ఉండేది. ఇంటర్వెల్లో అమ్మకం అందరికీ ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఆట నడుస్తుండగా ఎంతమంది లేచి బయటికి వచ్చారన్నదే అసలు సంగతి. బొమ్మ బాగుంటే అంగడి ముందు ఈగలు కూడా ఉండవు. బాగాలేకపోతే ఆకలేస్తుంది జనానికి. ఈ నాలుగు దెయ్యాల సినిమాకు ఆ కొలత భలేగా పనికొచ్చింది, ఎందుకంటే కథ కథకూ జనం మారేవాళ్ళు. మొదటి కథకు అరడజను మంది వచ్చేవాళ్ళు. రెండో కథ బావిదో మోటారుదో, దానికి వరస కట్టేవాళ్ళు. నాలుగో కథలో రబ్బరు ముఖం పెట్టుకున్న దెయ్యం వస్తుంది, దానికి పిల్లలతో సహా అందరూ అంగడి ముందే. మూడో కథకు మాత్రం ఒక్కరూ రారు. అమావాస్యకు వీరరాఘవస్వామి దర్శనానికి వచ్చి, పని చూసుకుని మధ్యాహ్నం ఆటకు దూరిన ఊళ్ళవాళ్ళు ఉంటారే, పూండి బస్సు ఎక్కడ తప్పిపోతుందో అని అరగంటకోసారి బయటికి వచ్చి టైం అడిగేవాళ్ళు, వాళ్ళు కూడా రాలేదు. ఆ ఇరవై నిమిషాలూ నాయన గల్లా దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు.

ఆ కథ ఇది. ఒక తల్లి, ఒక కూతురు. కూతురు చెరువులో పడి పోయింది. తర్వాత రోజూ పొద్దుగూకే వేళకు వచ్చి తలుపు తట్టి, "అమ్మా, తలుపు తియ్" అంటుంది. తీశావంటే నిన్నూ తీసుకుపోతుంది, పదహారు రోజులు ఓర్చుకుంటే తనంతట తానే పోతుంది అని పెద్దవాళ్ళు తల్లికి చెప్పి ఉంటారు. పదహారో రోజు. వాన. పాప తడిసిపోయి తలుపు తడుతుంది, చలేస్తా ఉంది అంటుంది. తల్లి లేస్తుంది, తలుపు దాకా నడుస్తుంది. ఇనప గడియ జరిగే చప్పుడు ఒకటి, కిర్రుమని. అంతే. కథ అయిపోతుంది. తల్లి గడియ తీసిందా, లేక ఇంకోటి వేసిందా? చూసినవాళ్ళకు తెలుస్తుంది. గోడవతల విన్నవాళ్ళకు తెలియదు. గడియ తీసినా అదే చప్పుడు, వేసినా అదే చప్పుడు.

రంగత్తకు ఒక కూతురు ఉండేది. చిట్టి. నేను పుట్టకముందే, ఐదేళ్ళ వయసులో, మూడు రోజుల జ్వరంలో పోయింది. మామ అంతకు ఏడాది ముందే పోయాడు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. కానీ మా పెరటి తలుపు గడియ వేసే పని రోజూ మా అమ్మదే. రంగత్త చివరగా లోపలికి వస్తే తలుపు ఓరగా వేసి వదిలేసేది. అమ్మ మళ్ళీ లేచి వెళ్ళి గడియ పెట్టేది. అత్తకు మతిమరుపు అనుకునేదాన్ని నేను. ఒకసారి అమ్మతో ఆ మాటే అంటే, నా నెత్తిన చిన్నగా మొట్టి పనిచూసుకోమంది.

మూడో కథ మొదటిసారి విన్నరోజు రంగత్త మురుకుల గొట్టం పక్కన పెట్టేసింది. పొయ్యి మీద వాయి నల్లబడుతున్నా పట్టించుకోలేదు. నేను లోపల్నుంచి రాగానే, "తీసిందా?" అంది. ఇప్పుడు నిజం చెప్పాలి. నేను చూడలేదు. పాప తలుపు తట్టగానే రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాను, వేళ్ళ సందు కూడా ఇవ్వకుండా. నాకు పదకొండేళ్ళు, ధైర్యవంతురాలినని పేరు, ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టంలేదు. పైగా అత్త ముఖం అలా ఎప్పుడూ చూడలేదు. "తీసింది" అన్నాను. "నిజంగానా అమ్మీ?" "నిజంగా. తీసి ఎత్తుకునింది" అని ఇంకో ముక్క కలిపాను. అత్త మాడిన వాయి తీసి పారబోసింది. కొత్తది వేసింది. ఆరోజు మురుకులన్నీ గుండ్రంగా వచ్చాయి.

ఆ సినిమా మూడు వారాలు ఆడింది. నేను చాలాసార్లు లోపలికి వెళ్ళాను, ఈసారి తప్పకుండా చూస్తానని ఒట్టు పెట్టుకుని. ప్రతిసారీ ఆ తలుపు దగ్గర నా చేతులు వాటంతటవే పైకి లేచేవి. రంగత్త ప్రతిరోజూ అడిగేది, నేను ప్రతిరోజూ తీసిందనే చెప్పేదాన్ని. కాపలాదారును అడిగి ఉంటే ఒక్క క్షణంలో తేలిపోయేది. అంగడికి వచ్చిన ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళే. అత్త ఇంకెవర్నీ అడగలేదు. ఎందుకు అడగలేదన్నది నాకు ఆ వయసులో తోచలేదు.

రెండేళ్ళకు రెండో భాగం వచ్చింది. గోడ మీద పోస్టరు అంటించిన రోజు రంగత్త పిండి చేతులతోనే ముందుకు వచ్చి నాయనతో, "అబ్బోడా, నాకొక టికెట్టు తీసియ్యి" అంది. నాయన సీసా మూత పెట్టబోతున్నవాడు అలాగే ఆగిపోయాడు. "ఏంటికక్కా?" "ఆ తల్లీబిడ్డా ఏమైనారో చూడల్ల." మాకు రెండో భాగమంటే మిగతా భాగమనే అర్థం. సరుకు సగం ఈ బండిలో, సగం వెనకొచ్చే బండిలో వస్తుంది, అంతే గదా. ఒక్కొక్క భాగంలో కొత్త కథలు, కొత్త మనుషులు ఉంటారని వ్యాపారం చేసుకునే ఇంట్లో ఎవరికి తోస్తుంది? మేనేజరు చిన్నబుచ్చుకుంటాడని పదేళ్ళు భయపడిన నాయన, బుధవారం మధ్యాహ్నం ఆటకు, ఊరి జనంతోపాటు వరసలో నిలబడి రెండు టికెట్లు తెచ్చాడు. ఒకటి అత్తకు, ఒకటి నాకు. మురుకుల పని అమ్మ చూసుకుంది. వాటిని మురుకులు అనడం మర్యాద కాదు గానీ, పాపం తనకు చేతనైనట్టు చుట్టింది.

రంగత్త ఉతికి గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, చేతిసంచీలో తను చుట్టిన మురుకులు వేసుకుని వచ్చింది. లోపలికి అడుగు పెట్టి తెరను చూసి చాలాసేపు నిలబడిపోయింది. "ఇంత పెద్దదా? దీని వెనకనేనా మనం ఉండేది?" అంది నెమ్మదిగా. లైట్లు ఆరిపోయాక నా చెయ్యి పట్టుకుంది. మొదటి కథలో ఎవరో మోగని టెలిఫోను ఎత్తి చచ్చిపోయారు. "ఇదేనా?" అంది. "కాదత్తా, తర్వాత." రెండోది లారీ కథ, కొంచెం భయపెట్టింది. "ఇది కాదు గదా?" "కాదు." మూడో కథ వస్తున్నప్పుడు అత్త సీటు అంచుకు జరిగి కూర్చుంది. బంగళా, గబ్బిలాలు, తెల్లచీర, ఎప్పుడూ చూసేదే. నాలుగోదాంట్లో దెయ్యాన్ని చూసి నవ్వమన్నారు, ఎవరికీ నవ్వు రాలేదు. వాకిలి తెర మాటిమాటికీ తెరుచుకుంటోంది, జనం లేచి అంగడికి పోతున్నారు. బయట నాయనకు ఊపిరి సలపడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. నేను మాత్రం తర్వాత వస్తుంది, తర్వాత వస్తుంది అని చెబుతూనే ఉన్నాను, ఇంకేమీ మిగల్లేదని తెలిశాక కూడా.

లైట్లు వెలిగాయి. జనం వెళ్ళిపోయారు. రంగత్త లేవలేదు. నా అబద్ధమే అత్తను ఇక్కడిదాకా తెచ్చిందని, ఇప్పుడు నిజం చెప్పేయాలని నోరు తెరిచాను. ఏడుపు ముందు వచ్చింది. అత్త నావైపు తిరిగి, "ఏమ్మే, దానికేంటికి ఏడుస్తావు? వాళ్ళు రాలేదంటే మంచిదే గదా" అంది. "తలుపు తీసేసినాక ఇంక దెయ్యం కత యాడిది? తల్లీ బిడ్డా ఒకటిగా ఉండారు. బాగుండేవాళ్ళకు కతలేముంటాయి, సినిమాలో వచ్చేదానికి?" అని సంచీలోంచి మురుకు తీసి నా చేతిలో పెట్టింది. బయటికి రాగానే నాయన ఎదురొచ్చి, "సరుకంతా ఆట మధ్యలోనే అయిపోయిందక్కా. అంత చెత్తగా ఉండాదా?" అన్నాడు. "బాగుండాది" అంది రంగత్త. టాకీసు చరిత్రలో ఆ సినిమాను మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

తర్వాత నేను కథలు రాసేదాన్నయ్యాను. నా మొదటి పుస్తకం జనానికి నచ్చింది, రెండోది నాకే నచ్చలేదు. అప్పుడు ఆ సినిమాల సంగతి కొంచెం అర్థమైంది. మొదటి భాగంలోని కథల్లో ఒకటైనా ఎవరో ఏళ్ళతరబడి లోపల దాచుకుని మోసినది అయి ఉంటుంది. రెండో భాగానికి ఆర్నెల్లలో నాలుగు కావాలని అడిగి ఉంటారు. రంగత్త మాటల్లో చెప్పాలంటే అదే నూనెలో మూడో వాయి, నాలుగో వాయి. టాకీసు పోయి ఇప్పుడక్కడ కల్యాణమండపం ఉంది. రేకుల కొట్టం ఉన్నచోట చేతులు కడుక్కునే కుళాయిలు. దివ్యకు సినిమా నచ్చకపోతే లేచి ఎక్కడికీ పోనక్కర్లేదు, వేలితో ముందుకు నెట్టేస్తుంది. ఆ మొదటి భాగం చూసే అవకాశం మధ్యలో నాకు రాకపోలేదు. టీవీలో వేసినప్పుడల్లా మూడో కథ వచ్చేసరికి నాకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

మొన్న మధ్యాహ్నం మాత్రం ఏ పనీ గుర్తు రాలేదు. బయట మబ్బు కమ్మి కొండ కనబడకుండా పోయింది. దివ్య గోడకున్న పెద్ద టీవీలో మొదటి రెండు కథలూ నెట్టేసి, "తొమ్మిదిన్నర ఇచ్చేది దీనికొకదానికే" అని మూడోది పెట్టింది. రంగత్త మంచం మీదే గోడకు చెవి ఆనించినట్టు తల వంచి కూర్చుంది. చెరువు, తల్లి, రోజులు గడవడం, అన్నీ నేను అనుకున్నదానికంటే చిన్నవిగా, మెత్తగా ఉన్నాయి. సరిగ్గా పదహారో రోజు వచ్చేసరికి బయట నిజంగానే వాన పట్టుకుంది. మిద్దె మీద బట్టలున్నాయని దివ్య ఒక్క పరుగున పోయింది. గదిలో అత్త, నేను.

పాప తలుపు తట్టింది. నా చేతులు లేవబోయాయి. ఒడిలోనే గట్టిగా పట్టుకున్నాను. తల్లి నడిచి వచ్చింది. తలుపుకు నుదురు ఆనించింది. కింది గడియ అప్పటికే వేసి ఉంది. చెయ్యి పైకెత్తి, ఏడుస్తూ, పైనున్న రెండో గడియ కూడా లాగి వేసేసింది. కిర్రుమంది. అంతే. నేను బతుకంతా చూడకుండా తప్పించుకున్నది ఇదే. నాకు భయం వేయలేదు, దుఃఖం వచ్చింది. ఆ తల్లి మీద కోపమూ రాలేదు.

"తీసిందా?" అంది రంగత్త.

"తీసిందత్తా."

"చెయ్యి ఇట్లా తే" అంది. దగ్గరికి జరిగి చెయ్యిచ్చాను. వెనకటి లాగే కొంగుతో నా అరచెయ్యి తుడిచింది, రెండో చెయ్యి కూడా అడిగి తుడిచింది. "అప్పుడంతా ఆ సినిమా చూసొస్తే అరచేతుల్నిండా కాటుకే గదమ్మే నీకు. కండ్లు మూసుకోకుండా చేతికి కాటుక ఎట్లంటుతుంది?" అని నవ్వింది. "తెలిసీ ఎందుకత్తా మళ్ళీ మళ్ళీ నన్నే అడిగినావు?" అన్నాను.

"కండ్లు మూసుకున్నా, తీసిందనే గదా నీ నోట్లో వచ్చింది. ఆ మాటకే అడిగేదాన్ని" అంది. తర్వాత మసక కళ్ళు నావైపు తిప్పి, "ఈ తూరి తెరిచే చూసినావు గదా?" అంది. "తెరిచే చూసినాను." "అయితే సరే" అని దిండుకు ఆనుకుంది.

దివ్య తడిసిన బట్టల మోపుతో దిగివచ్చింది. "అయిపోయిందా? ఎండింగ్ ఎట్లా ఉండాది అత్తా?" నేను నోరు తెరవకముందే రంగత్త, "తలుపు తీసేసింది లేమ్మా. ఎత్తుకునింది" అంది. దివ్య బిత్తరపోయి టీవీ వైపు చూసింది, నావైపు చూసింది. ఎంత బతిమాలినా అర మార్కు కలపని పిల్ల బట్టల మోపు కుర్చీ మీద పెట్టి, ముసలామె పక్కన కూర్చుని, "ఆ అవ్వా, తీసేసింది" అంది. నాలుగో భాగం మాట ఆ తర్వాత ఎత్తలేదు.